70 మీటర్ల కోసం 28 నిమిషాలు: ఒక శిఖరం డే హైక్ కేస్ స్టడీ

సభ్యులు 12 మంది, గైడ్లు ముగ్గురు. కాలిబాట మొదలయ్యే చోటు 2,950 మీటర్ల ఎత్తు, శిఖరం 4,300. పైకి ఏడున్నర కిలోమీటర్లు, కిందికి అంతే. తాడుతో, ఐస్ యాక్స్‌తో పనిలేని దారి. చీకటితో బయల్దేరి, మధ్యాహ్నం మబ్బులు ముదిరేలోపు మళ్లీ చెట్లలోకి వచ్చేయాలి. కొలరాడోలోని మౌంట్ ఎల్బర్ట్ (4,401 మీటర్లు) ఈ రకం కొండే. కొండెక్కడం రాని వాళ్లు కూడా ఒక్క రోజులో ఎక్కి దిగగలిగినవి కాబట్టే ఇలాంటి చోట్లకి గ్రూపులు ఎక్కువ వెళ్తాయి. ఇబ్బందులూ అందుకే ఎక్కువ.

ఆ రోజు శిఖరం ఎవరికీ దక్కలేదు. ఒకరికి మౌంటెన్ సిక్‌నెస్ (ఎత్తు పడక వచ్చే జబ్బు) వచ్చింది, ఒకరికి చీలమండ బెణికింది, మిగిలినవాళ్లు వడగళ్లలో తడుస్తూ దిగారు. ఆసుపత్రి దాకా వెళ్లలేదు కాబట్టి ఇలాంటి రోజు సాధారణంగా "వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగాం" అన్న ఒక్క ముక్కతో ఫైల్లోకి వెళ్లిపోతుంది. కానీ ముందురోజు సాయంత్రం చూసిన ఫోర్‌కాస్ట్‌లో మధ్యాహ్నం 12 దాటాక ఉరుములు అనే ఉంది. అవి వచ్చింది దాదాపు ఆ టైముకే. లెక్క తప్పింది గ్రూపుది.

కాగితం మీద

నడక టైముకి అందరూ వాడేది నైస్మిత్ సూత్రం. స్కాట్లండ్‌కి చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పింది: గంటకి దాదాపు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. దాని ప్రకారం ఈ ఎక్కుడికి మూడుంముప్పావు గంటలు చాలు. ఆ నంబరుని నమ్మి ప్లాన్ వేస్తే అంతే సంగతులు. అది అలవాటున్నవాడు ఆగకుండా, తక్కువ ఎత్తులో నడిచే లెక్క. 4,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో 60 శాతానికి కాస్త తక్కువే; ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకే.

అందుకని ఈ గ్రూపుకి గంటకి ఎన్ని మీటర్లు ఎక్కుతారన్న లెక్కతో ప్లాన్ వేశారు. చెట్లు ఆగిపోయే ట్రీలైన్ 3,600 దగ్గర ఉంది. అక్కడిదాకా గంటకి 300 మీటర్లు, ఆ పైన 220. పది నిమిషాల చొప్పున నాలుగు విరామాలు. 4:30కి బయల్దేరితే 6:50కి ట్రీలైన్, 8:35కి 3,950 దగ్గరి చదును, 10:30కి శిఖరం. వెనక్కి తిరిగే టైము 11:00. ఎక్కడున్నా సరే, 11 కొట్టగానే తిరగాలి.

ఈ ప్లాన్‌లో తప్పు వేగంలో లేదు. మొత్తం ఆరు గంటల ఎక్కుడికి అరగంట మాత్రమే మిగులు పెట్టారు. పన్నెండు మంది ఉన్న గ్రూపు ఆ అరగంటని పార్కింగ్‌లోనే తినేస్తుంది.

టైము ఎక్కడ కారిపోయింది

బయల్దేరింది 4:55కి. ఒక హెడ్‌ల్యాంప్ వెలగలేదు. బ్యాటరీలు పాతవి, పైగా రాత్రంతా చలికి కార్లో ఉన్నాయి. ఇద్దరు టాయిలెట్ లైనులో ఉన్నారు. ఒకరు నీళ్లు నింపుకోవడం మరిచారు. విడిగా చూస్తే ఒక్కోటీ ఐదారు నిమిషాల పని. అయితే ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి: ల్యాంప్ సర్దాక నీళ్ల సంగతి తెలిసింది, నీళ్లు నింపాక మరొకరికి టాయిలెట్ గుర్తొచ్చింది.

తర్వాతిది బట్టల విరామం. చలిగా ఉందని అందరూ దళసరి జాకెట్లతో కదిలారు. పావుగంట ఎక్కేసరికి చెమట పట్టింది, ఆగారు. ఆ ఆగడం ఎలా జరిగిందో దగ్గర నుంచి చూడాలి. ముందున్నవాళ్లు రెండు నిమిషాల్లో జాకెట్ తీసి బ్యాగులో కుక్కేశారు. వెనకవాళ్లు అప్పుడే వచ్చి బ్యాగు దించారు. వాళ్లు జిప్పులు తెరిచేసరికి ముందువాళ్లకి చలేసింది, జాకెట్ మళ్లీ బయటికి తీశారు. దాన్ని చూసి ఇంకొకరు గ్లవ్స్ వెతికారు. పది నిమిషాలు అనుకున్నది ఇరవై అయింది. గ్రూపు కదిలేటప్పటికి సగం మంది మళ్లీ జాకెట్లలోనే ఉన్నారు.

దీనికి మందు బయల్దేరే ముందే ఉంది. కదిలేటప్పుడు కాస్త చలి వేయాలి. వణుకు కాదు, "ఇంకో పొర ఉంటే బాగుండు" అనిపించేంత. జాకెట్ బ్యాగులో పై అరలో ఉండాలి, లంచ్ డబ్బా కింద కాదు. ఆగబోయే ఐదు నిమిషాల ముందు గైడ్ వెనక్కి కేక వేయాలి: వచ్చే విరామంలో నీళ్లు, తిండి, టాయిలెట్, సన్‌స్క్రీన్, బట్టలు అన్నీ ఒకేసారి, మళ్లీ గంట దాకా ఆగేది లేదు అని.

ఇంకో ఇరవై నిమిషాలు నడకలోనే పోయాయి. 300 అనుకున్న వేగం 260 దగ్గర నిలిచింది. అందరికంటే ముందు నడిచే లీడ్ గైడ్ వెనకాల ఉత్సాహవంతులు, అందరి వెనకా నడిచే స్వీప్ గైడ్ ముందు నెమ్మదైనవాళ్లు. ఎవరూ చెప్పకపోతే ఏ గ్రూపైనా సర్దుకునే వరస ఇదే. ఇది తలకిందుల వరస. ముందువాళ్లు దూసుకుపోయి ఆగుతారు, ఆయాసం తీర్చుకుంటారు. వెనకవాళ్లు రొప్పుతూ చేరేసరికి వాళ్లు లేచి బ్యాగులు తగిలించుకుంటారు. విశ్రాంతి అవసరమైనవాళ్లకే విశ్రాంతి దొరకదు. లైను రబ్బరు బ్యాండులా సాగుతూ, ముడుచుకుంటూ ఉంటుంది. ప్రతి సాగుడుకీ ఒకటి రెండు నిమిషాలు పోతాయి. అందరికంటే నెమ్మదైనవాళ్లని లీడ్ గైడ్ వెనకే నడిపిస్తే మొదటి అరగంట వేగవంతులు గొణుగుతారు, ఆ తర్వాత లైను ఒకే ముద్దగా కదులుతుంది. పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. రెండు మాటలకి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది ఎక్కువ.

ట్రీలైన్ చేరింది 7:45కి. ప్లాన్‌కి 55 నిమిషాలు వెనక.

అసలు నిర్ణయం తీసుకోవాల్సిన చోటు

ఈ కేసులో పెద్ద తప్పు ఇక్కడ జరిగింది. అప్పుడది తప్పులా కనిపించలేదు. ఎండ వచ్చింది, ఆకాశం నీలంగా ఉంది, శిఖరం మొదటిసారి కళ్లబడింది, అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. "పోయిన టైము పైన కలుపుకుందాం" అని లీడ్ గైడ్ అందరినీ కలిపే కదిలించాడు.

పైన కలిసిరాదు. ఎత్తు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుందే కానీ పెరగదు. ఆలస్యాన్ని తగ్గించే దారులు రెండే: విరామాలు కుదించడం, గ్రూపుని విడదీయడం. విడదీయాలంటే ట్రీలైన్ కంటే మంచి చోటు లేదు. దారి స్పష్టం, గాలి తక్కువ, పిడుగు భయం తక్కువ, కిందికి రెండు గంటల్లోపు దారి. ముగ్గురు గైడ్లూ చేతిలో ఉన్నారు.

ఆ పూట ఎవరి వేగం ఎంతో 7:45కే తెలిసిపోయింది. ఏడుగురు గంటకి 270 మీటర్లు సులువుగా ఎక్కగలరు. వాళ్లు ఇద్దరు గైడ్లతో 7:55కి కదిలి, దారిలో పదేసి నిమిషాలు రెండుసార్లు ఆగితే 10:51కి శిఖరం మీద ఉంటారు. మిగిలిన ఐదుగురు మూడో గైడ్‌తో తమ వేగంలో 3,800 మీటర్ల గట్టు దాకా వెళ్లి రావచ్చు. 9 నిమిషాల మిగులు గొప్పదేం కాదు, ఒక్క బూటు లేసు తెగితే పోతుంది. అయినా ఆ పొద్దుట మిగిలిన మంచి దారి అదొక్కటే.

జరిగింది మాత్రం ఇది. 8:00కి అందరూ కలిసి కదిలారు. వేగం 190కి పడింది. 3,950 చదునుకి 9:50కి చేరారు.

ఏడో సభ్యుడు

జాబితాలో ఏడో పేరు. దారిలో మాట తగ్గింది, విరామంలో తిండి వద్దన్నాడు, చదును మీద రాయి పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. ఎత్తు జబ్బుని అంచనా వేయడానికి లేక్ లూయీస్ స్కోరు అని ఒకటుంది. 2018లో సవరించిన ఆ స్కోరులో నాలుగు అంశాలు ఉంటాయి: తలనొప్పి, కడుపులో తిప్పడం, నీరసం, తల తిరగడం. ఒక్కోదానికీ సున్నా నుంచి మూడు. తలనొప్పి ఉండి, మొత్తం మూడు దాటినా, సరిగ్గా మూడైనా అది అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్. ఇతనికి తలనొప్పి 2, వికారం 1, నీరసం 1. మొత్తం 4, అంటే తేలికపాటిది. ఆ స్కోరు ప్రధానంగా పరిశోధనల కోసం చేసింది, కొండ మీద దాన్ని పట్టుకుని వాదించకూడదు. కానీ ఏం అడగాలో గుర్తుచేసే చీటీగా బాగా పనికొస్తుంది.

స్కోరు కంటే ముఖ్యమైన పరీక్షలు రెండు, అవి చేశారు. మడమకి బొటనవేలు ఆనించి సరళరేఖ మీద పది అడుగులు నడిపించారు, తూలలేదు. తూలి ఉంటే మెదడు వాపుని అనుమానించి, క్షణం ఆలస్యం లేకుండా దించాలి. కూర్చున్నప్పుడు ఆయాసం, దగ్గు ఉన్నాయేమో చూశారు, లేవు. ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనన్న అనుమానం, దానికీ దించడమే మొదటి వైద్యం. వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశారు కానీ ఆ అంకెకి విలువ ఇవ్వలేదు. అది సరైన పనే. చల్లబడిన వేళ్ల మీద అది ఏ అంకైనా చూపిస్తుంది.

ఆ తర్వాత అడిగితే బయటపడిన సంగతి వేరు. అతను ముందురోజు సాయంత్రమే సముద్ర మట్టం నుంచి నేరుగా వచ్చాడు. 2,300 మీటర్ల దగ్గర ఒక్క రాత్రి, అదీ సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున తలనొప్పితో లేచి ఇబుప్రోఫెన్ వేసుకున్నాడు. పార్కింగ్‌లో గైడ్ "అందరూ ఓకేనా?" అన్నాడు, అందరితో పాటు అతనూ "ఓకే" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఇంకో జవాబు రాదు. డబ్బు కట్టి వచ్చి, పదకొండు మంది ముందు, చీకట్లో నిలబడి "నాకు బాగోలేదండీ" అనే మనిషి అరుదు. అడగాల్సింది ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, అవునూ కాదులతో తేలని ప్రశ్న: "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు? పొద్దున ఏం తిన్నారు? లేచాక ఏ మాత్ర వేసుకున్నారు?" మనిషికి ముప్పై సెకన్లు. పన్నెండు మందికి ఆరు నిమిషాలు, ముగ్గురు గైడ్లు పంచుకుంటే రెండు.

ఎత్తుకి అలవాటు పడటం గురించి బుకింగ్ అప్పుడే చెప్పాలి. ఇలాంటి ఎక్కుడికి ముందు 2,500 మీటర్ల ప్రాంతంలో రెండు రాత్రులైనా గడపడం మేలు. అది కుదరని వాళ్లు డాక్టర్ని అడిగి, ముందురోజు నుంచి, ఎత్తు జబ్బు రాకుండా ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు వాడొచ్చు. సల్ఫా మందుల అలర్జీ ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి. ఆ మాత్రని గైడ్ తన జేబులోంచి తీసి ఇవ్వకూడదు.

"ఇంకో ఇరవై నిమిషాలు"

3,950 దగ్గర స్వీప్ గైడ్ ఏడో సభ్యుడినీ, బాగా వెనకబడుతున్న మరో ఇద్దరినీ తీసుకుని దిగిపోయాడు. ఇక్కడి పని బాగా జరిగింది. జబ్బుపడినవాణ్ని ఒంటరిగా పంపలేదు, అతని ఫ్రెండ్‌ని తోడిచ్చి చేతులు దులుపుకోలేదు. దిగాల్సినవాళ్లందర్నీ ఒకే విడతలో పంపారు. ఒక గైడ్‌ని కిందికి పంపడం ఒక్కసారి మాత్రమే ఖర్చుపెట్టగల నోటు లాంటిది. ఒక్కరి కోసం మార్చేస్తే రెండో మనిషికి చిల్లర మిగలదు.

పైన మిగిలింది తొమ్మిది మంది, ఇద్దరు గైడ్లు. బయల్దేరేసరికి 10:10. వేగం 240కి పెరిగింది. 11:00కి వాళ్లు 4,150 దగ్గర ఉన్నారు. ఎదురుగా శిఖరంలా కనిపించేది ఒకటుంది, అది శిఖరం కాదు. దాని వెనకాల అసలుది. కింద నుంచి చూసేవాళ్లకి ఆ సంగతి తెలియదు. గైడ్లకి తెలుసు, కానీ ముందుగా చెప్పలేదు. "అదిగో, అదేగా!" అన్న మాటలు పెరిగాయి. లీడ్ గైడ్ "ఇంకో ఇరవై నిమిషాలు చూద్దాం" అన్నాడు.

శిఖరం ఇంకా 150 మీటర్లు ఉంది. గంటకి 240 అంటే 37 నిమిషాలకి పైనే. ఇరవై నిమిషాల్లో అది అందదని ఆ లెక్క వేస్తే అక్కడే తెలిసేది. వేయలేదు. కాదనలేక ఇచ్చిన ఇరవై నిమిషాలు అవి. 11:20కి, 4,220 దగ్గర, తిరిగారు.

ఆ 70 మీటర్ల అసలు ధర ఇరవై నిమిషాలు కాదు. ఎక్కినదంతా మళ్లీ దిగాలి. ఈ గ్రూపు దిగే వేగం గంటకి 500 మీటర్లు, అంటే ఇంకో 8 నిమిషాలు. మొత్తం 28.

దిగుడు

11:40కి మొదటి ఉరుము. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లని మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. లెక్కపెడితే 24 సెకన్లు, అంటే ఎనిమిది కిలోమీటర్లు. ఎనిమిది దూరమే కదా అనుకోకూడదు. ఉరుము వినబడిందంటే పిడుగు అందుకోగల దూరంలో ఉన్నట్టే. గైడ్లు గట్టు మీంచి పక్క వాలులోకి దారి మార్చారు, మనిషికీ మనిషికీ కనీసం 15 మీటర్ల ఎడం పెట్టించారు. ఒక్క పిడుగుకి అందరూ పడిపోకుండా, మిగిలినవాళ్లు సాయం చేయగలిగేలా ఉండటానికి ఆ ఎడం.

12:10కి, 3,800 దగ్గర, వడగళ్లు మొదలయ్యాయి. పది నిమిషాల తర్వాత తడి రాయి మీద ఒకరి పాదం లోపలికి మడతపడింది. ఆ టైముకి కాళ్లలో ఏడు గంటలకు పైగా నడక ఉంది. దిగేటప్పుడు తొడ ముందు కండరమే బ్రేకు. అది అలిసిపోతే అడుగు పడే చోటు మీద పట్టు ఉండదు. చాలా బెణుకులు ఎక్కేటప్పుడు కాకుండా దిగేటప్పుడు అయ్యేది అందుకే.

బూటు విప్పలేదు. విప్పితే వాపుకి మళ్లీ ఎక్కదు. లేసు వదులు చేసి, వేళ్లు లోపలికి పెట్టి రెండువైపులా చీలమండ ఎముక వెనక అంచుల్ని నొక్కి చూశారు. ఎముక మీద నొప్పి లేదు. నాలుగు అడుగులు వేయగలిగాడు. ఈ రెండూ ఉంటే ఎముక విరిగి ఉండే అవకాశం తక్కువ. లేసు బిగించి, బూటు మీదుగానే ఎలాస్టిక్ బ్యాండేజ్‌ని ఎనిమిది అంకె ఆకారంలో చుట్టారు. అతని బ్యాగులో సామాను మిగతావాళ్లకి పంచారు, రెండు ట్రెక్కింగ్ పోల్స్ పొడవు పెంచి ఇచ్చారు.

బ్యాగులో గ్రూప్ షెల్టర్ ఉంది. పది మంది నెత్తిన కప్పుకుని కూర్చోగల గుడ్డ గుడారం. వానకీ గాలికీ అంతకంటే మంచిది లేదు. కానీ అందులో కూర్చోవాలంటే అందరూ ఒకరినొకరు ఆనుకోవాలి; ఉరుముల్లో అందరూ దూరదూరంగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకని లీడ్ గైడ్ ఎనిమిది మందిని తీసుకుని దిగిపోయాడు, 12:35కి చెట్లలోకి చేరాడు. రెండో గైడ్, గాయపడినతను 25 నిమిషాలు వడగళ్లలోనే ఉండి 12:45కి కదిలారు. గంటకి 250 మీటర్ల లెక్కన పార్కింగ్ చేరేసరికి 3:50. ఇద్దరు గైడ్ల మధ్యా రేడియో ఉంది కాబట్టి విడిపోవడం కుదిరింది. లేకపోతే అది ఇంకో తప్పు అయ్యేది.

11:00కే 4,150 నుంచి తిరిగి ఉంటే? వడగళ్లు మొదలైన 12:10కి వాళ్లు 3,570 దగ్గర, ట్రీలైన్ కింద ఉండేవాళ్లు. కాలు అప్పుడూ బెణకొచ్చు. కానీ షెల్టర్ వేసుకుని, తొందర లేకుండా కట్టు కట్టుకోవచ్చు.

ఏడో సభ్యుడికి 3,400 కిందికి వచ్చాక తలనొప్పి తగ్గడం మొదలైంది. పార్కింగ్‌లో ఉప్పు బిస్కెట్లు తిన్నాడు.

మార్చినవి

బయల్దేరే టైము 3:45కి జరిగింది. పార్కింగ్‌లో చేరాల్సింది 3:15కి. ఆ అరగంట హెడ్‌ల్యాంప్, నీళ్లు, టాయిలెట్, ఒక్కొక్కరితో ఆ మూడు ప్రశ్నలకి. గైడ్ల బ్యాగులో రెండు హెడ్‌ల్యాంపులు, మూడు సెట్ల బ్యాటరీలు అదనం. ఆ బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగులో మనిషి పక్కనే పడుకుంటాయి.

ఒక్క తిరుగు టైము బదులు మూడు గేట్లు పెట్టారు. ట్రీలైన్ దగ్గర 6:30 దాటితే గ్రూపు అక్కడే రెండుగా విడిపోతుంది. 3,950 దగ్గర 8:30 దాటితే శిఖరం లేదు. 10:30కి ఎక్కడున్నా తిరుగు. ఈ మూడు టైములూ ముందురోజు సాయంత్రమే సభ్యులందరికీ కాగితం మీద ఇస్తారు. కొండ మీద గైడ్‌ని బతిమాలడం తగ్గింది. ఒప్పుకున్న కాగితం జేబులో ఉంటే, కొత్తగా అడగడానికి మనిషికి మొహమాటంగా ఉంటుంది. దొంగ శిఖరం సంగతి కూడా అప్పుడే ఫొటో చూపించి చెప్తారు.

తిరుగు టైముని పొడిగించే అధికారం లీడ్ గైడ్‌కి లేకుండా చేశారు. ఆ టైముకంటే ముందే తిప్పొచ్చు, ఆలస్యం చేయకూడదు. దీని మీద గైడ్లలోనే వాదన ఉంది: వాతావరణం నిజంగా బాగున్న రోజు 10:30కి, శిఖరానికి పదిహేను నిమిషాల దూరంలో ఉన్నవాళ్లని తిప్పడం మూర్ఖత్వం కాదా అని. ఏడాదిలో ఒకటి రెండుసార్లు మూర్ఖత్వమే అవుతుంది. అయినా పదకొండు గంటలప్పుడు, 4,150 మీటర్ల దగ్గర, చల్లబడి అలిసిన మెదడుతో చేసే లెక్క కంటే ముందురోజు సాయంత్రం కుర్చీలో కూర్చుని చేసిన లెక్కే నమ్మదగ్గది.

ఇంకా పూర్తిగా కుదరనిది రెండో బృందం సంగతి. ట్రీలైన్ దగ్గర విడిపోయిన ఐదుగురికి "మీరు దిగిపోండి" అని చెప్తే, తర్వాతిసారి ఎవరూ నెమ్మదిగా ఉన్నామని ఒప్పుకోరు. దాచుకుంటూ పైకి వస్తారు. అందుకని 3,800 గట్టుని వాళ్ల గమ్యంగా ముందే ప్లాన్‌లో రాస్తున్నారు. దానికో టైము, అక్కడ అరగంట విరామం, టీ ఫ్లాస్కు ఒకటి. ఫ్లాస్కు మోసేది స్వీప్ గైడ్.